జీవాంజి దీప్తి పరుగు గురించి పిల్లలకు ఒక ఉత్తరం

హైదరాబాద్

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీరు అడిగిన ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. వరంగల్ జిల్లా అమ్మాయి జీవాంజి దీప్తి 400 మీటర్ల పరుగును వీడియోలో చూసి, ‘కాళ్ళూ చేతులూ చక్కగా ఉన్నాయి, కళ్ళు కనిపిస్తున్నాయి, మనందరికంటే ఎంతో వేగంగా పరుగెత్తుతోంది, మరి ఆమె పారాలింపిక్స్‌లో ఎందుకు ఉంది?’ అని అడిగారు. పెద్దవాళ్ళలో చాలామందికి ఇదే సందేహం ఉంటుంది, కానీ అడిగితే ఎవరేమనుకుంటారో అని ఊరుకుంటారు. మీరు అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

పారాలింపిక్స్ అంటే వైకల్యం ఉన్నవారి ఒలింపిక్స్. అక్కడి పరుగు పోటీలుండే పారా అథ్లెటిక్స్‌లో పోటీదారులను వైకల్యాన్ని బట్టి తరగతులుగా విడదీస్తారు. ట్రాక్ మీద పరుగెత్తేవారి తరగతికి ముందు ‘టి’ అనే అక్షరం, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. 11, 12, 13 చూపు లోపించిన వారివి. 20 మేధోపరమైన వైకల్యం ఉన్నవారిది. దీప్తి పరుగెత్తేది ఈ టి20 తరగతిలో. ఇందులో చేరాలంటే వైద్యుడి చీటీ ఒక్కటి చాలదు. తెలివితేటలను కొలిచే అంకె ఐక్యూ 75 లేదా అంతకంటే తక్కువగా ఉండాలి, రోజువారీ పనులను సొంతంగా నడుపుకోవడంలో ఇబ్బంది ఉన్నట్టు తేలాలి, ఆ లక్షణాలు ఎదిగే వయసులోనే కనిపించి ఉండాలి. ఆ పైన, ఆ వైకల్యం ఆటమీద ప్రభావం చూపుతోందా లేదా అన్నది వేరుగా పరీక్షిస్తారు.

పరుగెత్తేది కాళ్ళు కదా, బుద్ధితో పనేమిటి అని మీరు అడుగుతారని నాకు తెలుసు. దానికి 400 మీటర్ల పరుగు ఎలా సాగుతుందో చూడాలి. మనిషి తన పూర్తి వేగాన్ని అంత దూరం నిలుపుకోలేడు. మొదటి 200 మీటర్లను ఎంత వేగంగా ముగించాలి, ఎంత దాచుకోవాలి అన్నది పరుగెత్తుతూనే లెక్క వేసుకోవాలి. నుమాయిష్‌కు తీసుకెళ్ళినప్పుడు చేతిలో పెట్టిన డబ్బంతా మొదటి వరుస దుకాణాల్లోనే ఖర్చు పెట్టినవాడికి జెయింట్ వీల్ దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలనట్టు, ఆరంభంలోనే బలమంతా వాడేసిన వారికి చివరి వంద మీటర్లలో కాళ్ళు బరువెక్కిపోతాయి. నిజానికి ఆ చివరి భాగంలో అందరి వేగమూ తగ్గుతుంది; ఎవరో వెనుకనుంచి దూసుకువచ్చినట్టు టీవీలో కనిపిస్తే, చాలాసార్లు ఆమె పక్కవారికంటే తక్కువ నెమ్మదించిందని మాత్రమే అర్థం.

ఇందులో మరో చిక్కు ఉంది. బయటి లేన్ చుట్టుకొలత ఎక్కువ కాబట్టి అందులో పరుగెత్తేవారిని ముందుకు జరిపి నిలబెడతారు. రెండో లేన్ వారు మొదటి లేన్ వారికంటే 7 మీటర్ల పైచిలుకు ముందు నుంచి మొదలుపెడతారు. అందువల్ల చివరి మలుపు తిరిగేదాకా ఎవరు ముందున్నారో పోటీదారులకు సరిగా తెలియదు. పక్కవారిని చూసి వేగం మార్చుకోవడం కుదరదు, తన శరీరం చెప్పేదాన్ని బట్టే తేల్చుకోవాలి. మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి ఈ అంచనా వేయడం కష్టమవుతుందని ఆ విషయాన్ని అధ్యయనం చేసిన పరిశోధకులు గమనించారు. దీప్తి గెలుపుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే: ఆ లెక్కను నోటితో వివరించడం కాకుండా, సాధనతో ఒంటికి పట్టించుకోవడం.

ఈ తరగతి చరిత్రలో ఒక మచ్చ కూడా ఉంది, అది మీరు తెలుసుకోవాలి. 2000లో సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని 12 మందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదని తరువాత బయటపడింది. పతకం వెనక్కి తీసుకున్నారు సరే, కానీ మోసం చేసినవారితో పాటు ఏ పాపమూ ఎరుగనివారికి కూడా శిక్ష పడింది: ఆ విభాగం పోటీలన్నిటినీ నిలిపివేశారు, 2012లో లండన్‌లో గాని వాటిలో ఏవీ తిరిగి రాలేదు. మహిళల టి20 400 మీటర్ల పరుగు 2016లో రియోలో జరిగింది, అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ గెలిచింది. పరీక్షలు అంత కఠినంగా ఎందుకు ఉంటాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక దీప్తి సంగతి. ఆమె 2003 సెప్టెంబరు 27న పుట్టింది. ఊరు వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ. తల్లిదండ్రులు కూలి పని చేసుకుని బతికినవారు. ఆమె రూపాన్నీ మాటనీ చూసి ఊళ్ళో కొందరు అనరాని మాటలన్నారని, పిల్లను అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారని తల్లి పత్రికలకు చెప్పింది. ఆ మాటలను ఇక్కడ తిరిగి రాయడం నాకు ఇష్టం లేదు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడిన ఆ పరుగు తరువాత కోచ్ నాగపురి రమేశ్ దృష్టికి వచ్చింది, ఆయన ఆమెను హైదరాబాద్‌కు రప్పించి శిక్షణ మొదలుపెట్టారు. మొదట్లో ఆమె సాధారణ విభాగంలోనే పరుగెత్తింది. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ సలహాతో సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యంగల వారి జాతీయ సంస్థలో పరీక్షలు చేయించారు. మనం బోయినపల్లి వైపు వెళ్ళినప్పుడల్లా దాటిపోయే ఆ మనోవికాస్ నగర్ ప్రాంగణమే అది. ఆ పరీక్షలే ఆమెకు పారా పోటీల దారి తెరిచాయి. వేగం ఆమెకు పుట్టుకతో వచ్చింది, కానీ దానికి తగిన పోటీ ఏదో వెతికి చూపినవారు లేకపోతే ఆ వేగం కల్లెడ పొలిమేర దాటేదా అన్నది నా అనుమానం.

2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లతో స్వర్ణం గెలిచింది. ఒకప్పుడు అమ్ముకున్న పొలాన్ని ఆ పతకానికి వచ్చిన నగదుతో మళ్ళీ కొన్నామని తల్లి చెప్పింది. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్‌లో 55.07 సెకన్లలో ముగించి, బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 ప్రపంచ రికార్డును చెరిపివేసింది. ఆ 5 వందవ వంతుల తేడాను నేలమీద కొలిస్తే మూరెడు దూరం కూడా ఉండదు.

అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్ ఫైనల్ జరిగింది. అంతకు ముందే హీట్స్ అనే అర్హత పరుగుల్లో టర్కీకి చెందిన ఐసెల్ ఓండర్ 54.96 సెకన్లతో దీప్తి రికార్డును దాటేసింది. ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన యులియా షులియార్ 55.16తో మొదట, ఓండర్ 55.23తో తరువాత, దీప్తి 55.82తో మూడో స్థానంలో గీత దాటారు. కోబె వేగమే ఉండి ఉంటే స్వర్ణమే కదా అని మీ నాన్న అన్నాడు. కాగితం మీద నిజమే, కానీ హీట్స్‌లో రికార్డు పెట్టిన ఓండర్ కూడా మర్నాడు ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. మేధోపరమైన వైకల్యం ఉన్న భారతీయ క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి వ్యక్తి దీప్తి, అందుకని ఆ కాంస్యాన్ని ఓటమి లెక్కలో రాయడం నాకు ఒప్పుదల కాదు.

ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. కేంద్రం అర్జున పురస్కారం ఇచ్చింది.

2025లో ప్రపంచ పోటీలు మన ఢిల్లీలోనే జరిగాయి. అక్కడ దీప్తి 55.16 సెకన్లతో పరుగెత్తింది. పారిస్‌లో షులియార్‌కు స్వర్ణం ఇచ్చిన సమయం సరిగ్గా అదే, ఢిల్లీలో దానికి దక్కింది రజతం. ఓండర్ 54.51లో ముగించింది. అంటే పోటీ ఏటికేడు బిగుసుకుంటోంది, 55 సెకన్ల లోపు రాకపోతే ఇకమీదట స్వర్ణం ఆశించడం కష్టం. 2026 అక్టోబరులో జపాన్‌లోని ఐచి-నగోయాలో ఆసియా పారా క్రీడలు ఉన్నాయి. టీవీలో వస్తే, గీత దగ్గర ఎవరు ముందున్నారన్నది ఎలాగూ అందరూ చూస్తారు. ఓండర్ దేశం టర్కీ ఆ క్రీడల్లో పాల్గొనదు కాబట్టి, మీరు మాత్రం చివరి మలుపు దగ్గర దీప్తికీ ఆమెకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న పోటీదారుకూ మధ్య ఎంత దూరం ఉందో, ఆ తరువాతి వంద మీటర్లలో అది పెరిగిందో తగ్గిందో గమనించి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య