అమెరికా అధ్యక్ష అభ్యర్థి ఎవరో ముందే చెప్పగలమా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కొత్త అధ్యక్షుడు ప్రమాణ స్వీకారం చేసీ చేయకముందే, నాలుగేళ్ల తర్వాత ఏ పార్టీ ఎవరిని నిలబెడుతుందన్న చర్చ మొదలవుతుంది. డెమోక్రాటిక్, రిపబ్లికన్ పార్టీల నామినేషన్, అంటే పార్టీ అభ్యర్థిత్వం, ఎవరికి దక్కే అవకాశం ఎంత ఉందో అంచనా కట్టడం నా వృత్తి. సర్వేలు, విరాళాల వివరాలు, రాష్ట్రాలు ఓటేసే తేదీలు, పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల కేటాయింపు నిబంధనలు ముందు వేసుకుని లెక్కలు వేయడమే నా రోజువారీ పని. ఇన్నేళ్లలో నాకు బలంగా స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది: నామినేషన్ పోరు ఒక ఎన్నిక కాదు, ముందు జరిగినదాని ఫలితం తర్వాత జరగబోయేదాన్ని మార్చేసే యాభైకి పైగా ఎన్నికల వరుస. ఇక్కడి తెలుగువారి సమావేశాల్లో నన్ను అడిగే ప్రశ్నలలో చాలావరకు ఈ విషయం గమనించకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: పార్టీ అధిష్ఠానం ఎవరికి టికెట్ ఇవ్వదలచుకుంటే వారే అభ్యర్థి.

వాస్తవం: మన దగ్గర అధిష్ఠానం బీ-ఫారం చేతికిస్తే అభ్యర్థి ఖరారైనట్టే కనుక, ఇక్కడా అలాగే జరుగుతుందని అనుకోవడం సహజం. ఒకప్పుడు అమెరికాలోనూ దాదాపు అలాగే జరిగేది. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ (పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి రాష్ట్రంలో ఓటర్లు ఓటేసే ఎన్నిక) పోటీ చేయకుండానే, పార్టీ నాయకుల చేతుల్లో ఉన్న ప్రతినిధుల బలంతో షికాగో మహాసభలో డెమోక్రాటిక్ అభ్యర్థి అయ్యారు. సభ బయట వీధుల్లో జరిగిన ఘర్షణలు, సభ లోపల రేగిన ఆగ్రహం పార్టీని సంస్కరణల కమిషన్ వేసేదాకా నడిపించాయి. 1972 నుంచి ప్రతినిధులలో అత్యధికులు ఎవరి పక్షాన నిలవాలో ప్రైమరీలలో, కాకస్‌లలో (స్థానిక సమావేశాల్లో మద్దతు తేల్చే పద్ధతి) ఓటర్లే తేల్చే పద్ధతి వచ్చింది. రిపబ్లికన్లు కూడా క్రమంగా అదే దారి పట్టారు. ఆ కమిషన్‌కు తొలుత అధ్యక్షత వహించిన జార్జ్ మెక్‌గవర్న్, 1972లో అందరూ ఖాయమనుకున్న ఎడ్మండ్ మస్కీని దాటి నామినేషన్ గెలుచుకోవడం ఈ రంగంలో పనిచేసేవారు తరచూ గుర్తు చేసుకునే సంగతి. నిబంధనలు తెలిసి పోటీ చేయడం కూడా ఒక బలమేనని ఆ ఎన్నిక చూపింది.

పార్టీ పెద్దల మాటకు అసలు విలువే లేదని దీనికి అర్థం కాదు. గవర్నర్లు, కాంగ్రెస్ సభ్యులు ఎవరికి మద్దతు ప్రకటిస్తున్నారన్నది చాలా ఏళ్లపాటు మంచి సూచికగా పనిచేసింది. 2015 చివర్లో నేను వేసిన అంచనాలో దానికి ఎక్కువ బరువు ఇచ్చాను. డొనాల్డ్ ట్రంప్‌కు అలాంటి మద్దతు దాదాపు లేదు కాబట్టి, నెలల తరబడి సర్వేలలో ఆయనే ముందున్నా ఆయన అవకాశాన్ని బాగా తగ్గించి చూపాను. సర్వేలు చెప్పింది నిజమైంది, నా అంచనా తప్పింది. అప్పటి నుంచి పాత సూచిక ఏదైనా ఎన్ని ఎన్నికల అనుభవం మీద నిలబడిందో లెక్క చూడకుండా నేను వాడడం లేదు. ఆ లెక్క చాలా చిన్నది: 1972 నుంచి 2024 వరకు జరిగినవి 14 అధ్యక్ష ఎన్నికలు, వాటిలో పదవిలో ఉన్న అధ్యక్షుడు పోటీలో లేకుండా నిజంగా తలుపు తెరిచి ఉన్న నామినేషన్ పోరులు రెండు పార్టీలవీ కలిపినా ఇరవైకి లోపే. అంత కొద్దిపాటి ఉదాహరణల నుంచి తీసిన సూత్రాన్ని శిలాశాసనంగా భావించడం ప్రమాదకరం.

అపోహ: ఏడాది ముందు సర్వేలలో ఎవరు ముందుంటే వారికే నామినేషన్.

వాస్తవం: 2007లో ఎక్కువ కాలం దేశవ్యాప్త సర్వేలలో రిపబ్లికన్ల వైపు రూడీ జూలియానీ, డెమోక్రాట్ల వైపు హిల్లరీ క్లింటన్ ముందున్నారు. ఇద్దరికీ నామినేషన్ రాలేదు. అందరికంటే ముందు ఓటేసే తొలి రాష్ట్రాలను పెద్దగా పట్టించుకోకుండా ఫ్లోరిడా మీదే ఆశ పెట్టుకున్న జూలియానీ, 2008 జనవరి 29న అక్కడ మూడో స్థానంలో నిలిచి బరి నుంచి తప్పుకున్నారు. అంతకుముందు 2004లో హోవర్డ్ డీన్ సర్వేలలోనూ విరాళాలలోనూ ముందుండి, మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ మద్దతు కూడా పొంది, అలాంటి తొలి రాష్ట్రాలలో ఒకటైన అయోవాలో జాన్ కెర్రీ, జాన్ ఎడ్వర్డ్స్‌ల వెనుక మూడో స్థానానికి పడిపోయారు.

అలాగని ముందస్తు సర్వేలు పనికిరావనడం కూడా పొరపాటే. ఓటింగ్‌కు ఏడాది ముందు జరిగే సర్వే ప్రధానంగా కొలిచేది అభ్యర్థి పేరు ఎంతమందికి తెలుసునన్నది. అందుకే నేను సర్వేలోని శాతాన్ని ఉన్నదున్నట్టు తీసుకోను. పది మందిలో ముగ్గురికే పేరు తెలిసిన అభ్యర్థికి 10 శాతం వస్తే, అందరికీ తెలిసిన అభ్యర్థికి 20 శాతం రావడం కంటే అది మెరుగైన స్థితి కావచ్చు, ఎందుకంటే మొదటివారికి ఎదగడానికి చోటుంది, రెండోవారిని ఓటర్లు ఇప్పటికే తూచి చూశారు. జార్జియా బయట పెద్దగా ఎవరికీ తెలియని జిమ్మీ కార్టర్ 1976లో అభ్యర్థి కావడానికి ఆ చోటే కారణం. దానికి భిన్నంగా, అందరికీ తెలిసిన వ్యక్తికి సొంత పార్టీ ఓటర్లలో సగానికి పైగా మద్దతు నిలకడగా ఉంటే ఆ ఆధిక్యాన్ని నమ్మాల్సిందే. 2023లో ట్రంప్‌ది అలాంటి స్థితే. 2022 నవంబరు తర్వాత కొన్ని సర్వేలలో ఆయనను దాటిన రాన్ డిశాంటిస్, 2024 జనవరిలో అయోవా ఓటింగ్ జరిగిన వారానికే తప్పుకున్నారు.

అపోహ: అయోవా గెలిస్తే నామినేషన్ గెలిచినట్టే.

ఇది త్వరగా తేలిపోయే అపోహ. 1980లో అయోవాలో గెలిచింది సీనియర్ బుష్, నామినేషన్ దక్కింది రీగన్‌కు. 1988లో గెలిచింది బాబ్ డోల్, నామినేషన్ దక్కింది అయోవాలో మూడో స్థానంలో వచ్చిన అదే బుష్‌కు. 2012లో మొదట 8 ఓట్ల తేడాతో మిట్ రామ్నీ ముందున్నట్టు ప్రకటించి, రెండు వారాల తర్వాత రిక్ శాంటోరమ్‌కే 34 ఓట్లు ఎక్కువని తేల్చారు. అభ్యర్థి మాత్రం రామ్నీయే. అయోవా, న్యూ హ్యాంప్‌షైర్ చేసే అసలు పని విజేతను ఎంచడం కాదు, బరిలో ఉన్న గుంపును పలచబరచడం. ఎవరు గెలిచారన్నదానితో సమానంగా, ఆ రాత్రి ఎవరికి విరాళాలు ఆగిపోతాయన్నది కూడా నేను చూస్తాను.

అపోహ: ఎక్కువ ఓట్లు, ఎక్కువ రాష్ట్రాలు గెలిచినవారే ముందున్నట్టు.

వాస్తవం: మహాసభలో లెక్కకు వచ్చేది ఓట్లు కాదు, ప్రతినిధులు, అంటే డెలిగేట్లు. నా పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే, టీవీ చర్చల్లో అతి తక్కువగా వినిపించేదీ ఇదే. డెమోక్రాట్లు ఓట్ల నిష్పత్తిలో ప్రతినిధులను పంచుతారు. వాటా పొందాలంటే కనీసం 15 శాతం ఓట్లు రావాలి. ఈ లెక్క రాష్ట్రం మొత్తానికి ఒకసారి, ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గానికి విడిగా మరోసారి జరుగుతుంది.

దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. నలుగురు ప్రతినిధులున్న నియోజకవర్గంలో ఇద్దరు అభ్యర్థులు పోటీపడి, ఒకరికి 60 శాతం, మరొకరికి 40 శాతం వచ్చాయనుకోండి. 60 శాతం చొప్పున మొదటివారి వాటా 2.4, రెండోవారి వాటా 1.6. పూర్ణాంకాలు ఇద్దరికీ పంచగా మిగిలిన స్థానం పెద్ద భిన్నం ఉన్న రెండోవారికి వెళ్తుంది. చివరికి చెరో ఇద్దరు. ఇరవై శాతం ఆధిక్యం తెచ్చిపెట్టిన అదనపు లాభం సున్నా. మూడో ప్రతినిధి రావాలంటే 62.5 శాతం దాటాలి. అదే ఐదుగురు ప్రతినిధులున్న పక్క నియోజకవర్గంలో 51 శాతం వచ్చినా ముగ్గురు దక్కుతారు. కాబట్టి ప్రచారానికి మిగిలిన ఆఖరి వారం డబ్బును సరి సంఖ్యలో ప్రతినిధులున్న చోట పెట్టాలా, బేసి సంఖ్య ఉన్న చోట పెట్టాలా అన్నది చిన్న ప్రశ్న కాదు.

2008లో బరాక్ ఒబామా బృందం ఈ లెక్కను ప్రత్యర్థుల కంటే లోతుగా అర్థం చేసుకుంది. ఫిబ్రవరి 5న పెద్ద రాష్ట్రమైన న్యూజెర్సీలో క్లింటన్ లక్షకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచి, ప్రతినిధులలో 59-48తో 11 మంది ఆధిక్యం పొందారు. అదే రోజు, ఇరవై వేల పైచిలుకు మంది మాత్రమే పాల్గొన్న ఐడాహో కాకస్‌లో ఒబామాకు 15, క్లింటన్‌కు 3 వచ్చాయి. ఆధిక్యం 12. టీవీ తెరల మీద న్యూజెర్సీ పెద్ద వార్త అయింది, పట్టికలో ఐడాహో దాన్ని మించింది. ఆ రాత్రి వార్తలు చూసినవారికీ, ప్రతినిధుల పట్టిక చూసినవారికీ రెండు వేర్వేరు ఎన్నికలు కనిపించాయి.

రిపబ్లికన్ల పద్ధతి వేరు. చాలా రాష్ట్రాలలో గెలిచినవారికి వాటా బాగా ఎక్కువ, కొన్నిచోట్ల మొత్తం వారికే. 2016లో సౌత్ కరోలైనాలో ట్రంప్‌కు వచ్చినవి దాదాపు 32.5 శాతం ఓట్లే అయినా, రాష్ట్రవ్యాప్తంగానూ ఏడు నియోజకవర్గాలలోనూ ఆయనే మొదటి స్థానంలో ఉన్నందున 50 మంది ప్రతినిధులూ ఆయనకే దక్కారు. చెరో 22 శాతం తెచ్చుకున్న మార్కో రూబియో, టెడ్ క్రూజ్‌లకు ఒక్కరూ రాలేదు. ప్రత్యర్థుల ఓట్లు చీలిపోతే మూడో వంతు మద్దతు కూడా చాలునన్న సంగతిని ఆ ఒక్క రాత్రి స్పష్టం చేసింది. అందువల్ల ఒకే సర్వే శాతాన్ని రెండు పార్టీలకూ ఒకే విధంగా చదివే అంచనా మొదటి మెట్టులోనే తప్పుతుంది.

అపోహ: డబ్బున్నవారిదే గెలుపు.

2016 రిపబ్లికన్ నామినేషన్ కోరిన జెబ్ బుష్ పక్షాన ఏర్పడిన నిధుల సంస్థ 2015 మొదటి ఆరు నెలల్లోనే పది కోట్ల డాలర్లకు పైగా సేకరించింది; ఆయనకు దక్కిన ప్రతినిధులు నలుగురు. 2020లో సొంత సొమ్ము వంద కోట్ల డాలర్ల దాకా ఖర్చు చేసిన మైకేల్ బ్లూమ్‌బర్గ్ గెలిచింది పసిఫిక్‌లోని చిన్న దీవుల ప్రాంతమైన ఒక్క అమెరికన్ సమోవాలో. డబ్బు లేకపోతే ప్రచారం ఆగిపోతుంది, అది నిజం. డబ్బు ఉన్నంత మాత్రాన ఓటు రాదు.

అపోహ: ఫిబ్రవరిలో కనిపించే పరిస్థితే చివరిదాకా నిలుస్తుంది.

వాస్తవం: 2020లో జో బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హ్యాంప్‌షైర్‌లో ఐదో స్థానం, నెవాడాలో చాలా వెనుకబడిన రెండో స్థానం పొందారు. ఫిబ్రవరి 26న సౌత్ కరోలైనా కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ ఆయనకు మద్దతు ప్రకటించారు. 29న ఆ రాష్ట్రంలో బైడెన్‌కు దాదాపు 49 శాతం, బెర్నీ శాండర్స్‌కు 20 శాతం వచ్చాయి. మార్చి 1న పీట్ బూటిజజ్ తప్పుకున్నారు, 2న ఏమీ క్లోబుచర్ తప్పుకున్నారు, అదే రాత్రి టెక్సాస్‌లో ఇద్దరూ బైడెన్ పక్షాన నిలిచారు. 3వ తేదీన ఓటేసిన 14 రాష్ట్రాలలో 10 బైడెన్‌వే. వాటిలో ఆయన పెద్దగా ప్రచారం చేయని మిన్నెసోటా, మసాచుసెట్స్ కూడా ఉన్నాయి.

ఆ మూడు రోజులూ నేను అంచనా పట్టికను పూటపూటకూ తిరగరాయవలసి వచ్చింది. అభ్యర్థి తప్పుకున్న ప్రతిసారీ, వారి ఓటర్ల రెండో ఎంపిక ఎవరన్న ప్రశ్న మొదటి ఎంపిక కంటే ముఖ్యమైంది. కాలిఫోర్నియాలో పోస్టు ద్వారా ముందే ఓటేసిన ఎందరో అప్పటికే తప్పుకున్న అభ్యర్థులకు ఓటేసి ఉన్నారు. ఆ ఓట్లు తిరిగి రావు కనుక వాటిని వేరుగా లెక్క కట్టాలి. ఈ పనిలో అత్యంత కష్టమైన భాగం ఓటర్ల మనసు ఊహించడం కాదు, ఓడిపోతున్న అభ్యర్థి ఏ రోజు తప్పుకుంటారో ఊహించడం. 2016లో ట్రంప్ వ్యతిరేకులు సకాలంలో తప్పుకోలేదు, 2020లో శాండర్స్ ప్రత్యర్థులు తప్పుకున్నారు. ఆ రెండు నిర్ణయాలకూ ఏ సర్వేలోనూ గడి లేదు.

అపోహ: ఎవరికీ ఆధిక్యం రాక, మహాసభలోనే తేలుతుంది.

ప్రతి నాలుగేళ్లకూ ఈ మాట వినిపిస్తుంది. ఒకటి కంటే ఎక్కువ విడతల ఓటింగ్ జరిగిన చివరి మహాసభ 1952 నాటి డెమోక్రాట్లది. 1976లో జెరాల్డ్ ఫోర్డ్, రీగన్‌ను 1,187-1,070 తేడాతో మొదటి విడతలోనే దాటారు. ఓడిపోతున్నవారికి డబ్బు ఆగిపోవడమే ఈ అవకాశాన్ని తగ్గిస్తుంది. 2024 జులై 21న బైడెన్ తప్పుకున్నప్పుడు కూడా, ప్రైమరీలలో ఆయన పక్షాన ఎన్నికైన ప్రతినిధులు రోజుల వ్యవధిలో కమలా హారిస్ వైపు చేరారు. ఆన్‌లైన్ ఓటింగ్ ఆగస్టు 5కల్లా ముగిసింది.

అపోహ: పందెం మార్కెట్లకు అన్నీ ముందే తెలుసు.

మార్కెట్ ధరలను నేనూ చూస్తాను, కొత్త సమాచారం వచ్చినప్పుడు అవి వేగంగా కదులుతాయి. అయితే గెలిచే అవకాశం దాదాపు లేని ప్రముఖుల పేర్ల మీద కూడా మూడు, నాలుగు సెంట్లు (గెలిస్తే ఒక డాలరు వచ్చే పందెం ధర) పలుకుతూ ఉంటాయి. అందరి ధరలూ కలిపితే నూటికి మించిపోతుంది. ఆ ధరను అలాగే సంభావ్యతగా చదివితే, చిన్నవారి అవకాశం పెద్దదిగా కనిపిస్తుంది.

అపోహ: ఉపాధ్యక్షుడికి తర్వాతి నామినేషన్ ఖాయం.

ఇటీవల తెలుగువారు నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి కుటుంబ మూలాలు ఆంధ్రలో ఉండటం వల్ల ఆ ఆసక్తి సహజమే. 1960 నుంచి పదవిలో ఉండి నామినేషన్ కోరిన ఉపాధ్యక్షులలో నిక్సన్ (1960), హంఫ్రీ (1968), బుష్ (1988), గోర్ (2000), హారిస్ (2024) అందరూ దాన్ని పొందారు. బలమైన చరిత్రే, కానీ ఐదు ఉదాహరణలే, వాటిలో రెండు 1972కు ముందువి. మాజీ ఉపాధ్యక్షులలో మాండేల్, బైడెన్‌లకు దక్కింది. డాన్ క్వేల్, మైక్ పెన్స్ ఒక్క రాష్ట్రం ఓటేయకముందే తప్పుకున్నారు. కాబట్టి 2028 గురించి నేను చెప్పేది వాన్స్‌కు మిగిలిన ఏ ఒక్కరి కంటే ఎక్కువ అవకాశం ఉందని మాత్రమే. ఆ మాటకూ, ఆయనకు ఖాయమన్న మాటకూ మధ్య దూరం చాలా ఉంది.

అపోహ: 80 శాతం అన్నది జరగకపోతే అంచనా తప్పినట్టే.

వాస్తవం: 80 శాతం అన్న మాటలోనే అయిదింట ఒకసారి అది జరగదన్న అర్థం ఉంది. ఒక అంచనాదారును ఒక ఫలితంతో కొలవలేం. 80 శాతం అని చెప్పినవన్నీ ఒకచోట చేర్చి, వాటిలో నిజంగా నూటికి ఎనభై జరిగాయా అని చూడాలి. అందుకే నేను ప్రతి అంచనానూ తేదీతో సహా రాసి ఉంచుతాను, తర్వాత దిద్దను. 2015 డిసెంబరులో ట్రంప్‌కు ఇచ్చిన తక్కువ సంఖ్య కూడా ఆ పట్టికలో అలాగే ఉంది. 2028కి సంబంధించిన పేజీలో పేర్ల పక్కన ఇప్పుడు ఉన్న సంఖ్యలు చిన్నవి, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవి. ఏ రాష్ట్రం ఏ వారం ఓటేస్తుందో, ఎక్కడ ప్రతినిధులను ఎలా పంచుతారో రెండు పార్టీలూ ఖరారు చేసిన రోజున ఆ పేజీని మొదటిసారి తిరగరాస్తాను.