‘నాను’ని ‘నేను’ చేసిందెవరు?

వారం రోజులుగా విశాఖలో కథలూ కవితలూ చదివేవాళ్లు ఎక్కడ కలిసినా ఇదే గొడవ. నగరంలోని ఒక కాలేజీ వార్షిక సంచికకు డిగ్రీ చదివే అమ్మాయి తన మీద తనే కవిత రాసిచ్చింది. ‘నాను నల్లగుంటాను’ అని ఇక్కడి యాసలో మొదలు. అచ్చులో అది ‘నేను చామనఛాయగా ఉంటాను’ అయింది. పెళ్లిచూపులకు వచ్చినావిడ గాజులు పైకి జరిపి లోపలి రంగు చూసిందని, నడుం చుట్టుకొలత మీద ఇంట్లో లెక్కలు వేశారని చెప్పే నాలుగు పాదాలు ఎగిరిపోయాయి. కింద పేరు మాత్రం ఆమెదే.

సంచిక పెద్దల వాదన: ఇంటి గుట్టు అచ్చయితే రేపు ఆ పిల్లకే ఇబ్బంది, భాష కూడా కాస్త దిద్దాం. అమ్మాయి అడిగేది ఇంకా చిన్నది. దిద్దమని తను అడగలేదు కదా అంటోంది. నలుపు అన్న మాట తనకు తిట్టుగానే పరిచయమట. దాన్ని మొదటిసారి తన నోటితో, తిట్టు కాకుండా అనాలని కూర్చుని రాసిందట. ‘చామనఛాయ అంటే మా అమ్మ పెళ్లిళ్ల పేరయ్యకి చెప్పే మాట. అది నాది కాదు’ అంటోంది.

స్త్రీవాద కవిత్వం ఎలా వచ్చింది, బూతని ‘నీలి’ పేరుతో దాని మీద వేసిన ముద్ర, 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం, ఇవన్నీ తెలిసినవే, వదిలేద్దాం. ఈ వారం మాట్లాడుతున్నవాళ్లంతా, పైటను ఆడదాని మీద పెట్టిన కాపలాగా చూసిన జయప్రభ కవిత ‘పైటను తగలెయ్యాలి’ దగ్గర మొదలుపెడుతున్నారు. నా లెక్కలో అసలు మలుపు అది కాదు, దానికి జవాబుగా చాలామంది చదివే, దళిత కవయిత్రి జూపాక సుభద్ర కొంగు కవిత. కొంగంటే గుండెల మీద కాపలా ఒక్కటే కాదని, అది చాకిరీలో తోడని ఆమె తెలంగాణ మాటల్లో చెప్పారు. ఆడవాళ్ల ఒంటి గురించి ఒకరు ‘నేను’ అంటే అందులో అందరూ ఇమడరని అక్కడ తేలిపోయింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం ‘నల్లపొద్దు’గా వచ్చేసరికి నలుపు పుస్తకం పేరులోకే ఎక్కింది.

ఇది పుస్తకాల్లో వెతకాల్సిన సంగతి కూడా కాదు. తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే కనిపిస్తుంది. కొంగు నడుం చుట్టూ బిగించి, అంచున డబ్బులు ముడేసి, చేపల గంప ఎత్తుకుంటూ బేరమాడే మనిషికి పైట గొడవ ఒకలా, బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకొచ్చే మనిషికి ఇంకోలా ఉంటుంది.

సొంత మాటను పెద్దమనుషులు దిద్దడం మన ఒక్కళ్ల జబ్బే కాదు. అమెరికాలో బానిసగా పుట్టిన నల్లజాతి మహిళ సోజర్నర్ ట్రూత్ 1851లో ఒహాయోలోని ఏక్రన్ మహిళా సభలో మాట్లాడింది. తన కండబలం గురించి, మగవాళ్లతో సమానంగా దున్ని కోసిన పని గురించి చెప్పింది. నెల తిరిగేలోపే ఒక పత్రిక ఆ ప్రసంగాన్ని వేసింది. ఇవాళ లోకమంతా తలుచుకునే ‘నేను ఆడదాన్ని కానా’ అన్న మాట అందులో లేదు. పన్నెండేళ్ల తర్వాత, 1863లో, ఆ సభకు అధ్యక్షత వహించిన తెల్లావిడ ఫ్రాన్సిస్ గేజ్ రాసిన పాఠంలో అది కనిపిస్తుంది, దక్షిణాది బానిసల యాసతో సహా. ట్రూత్ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. ఆమె చిన్ననాటి భాష డచ్చి. అక్కడ లేని యాస తగిలించారు, ఇక్కడ ఉన్న యాస ఊడబీకారు. రెండుచోట్లా ఆ మాట ఎవరిదో ఆ మనిషిని అడిగినవాళ్లు లేరు.

యాస అచ్చుకు పనికిరాదని ఈ ఊళ్లో అనడం మరీ విడ్డూరం. ఈ ఊరి వకీలు రావిశాస్త్రి ఇక్కడి పేదల మాటనే కథ చేశారు. ‘మాయ’లో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ తన బతుకు గురించి తన యాసలోనే కడిగేస్తుంది. ఆ పేజీలు మనం తరగతుల్లో పాఠం చెప్పుకుంటాం. మగ రచయిత రాస్తే శిల్పం, ఆ పిల్ల తనే రాసుకుంటే తప్పులా?

పెద్దల పక్షాన ఒక్కటి ఒప్పుకోవాలి, వాళ్ల భయం ఉత్తది కాదు. రంగు మీద అమ్మాయిలకు సంబంధాలు తప్పడం ఇంకా పోలేదు. 1975లో బజారుకొచ్చిన తెల్లబరిచే క్రీము ఫెయిర్ అండ్ లవ్‌లీ, 2020లో అమెరికాలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపిన తర్వాత రేగిన గొడవల్లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసుకుంది. అదే వేసవిలో పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ షాదీ డాట్‌కామ్ ఒంటిరంగును బట్టి వెతికే వీలు ఎత్తేసింది. క్రీము వాళ్లు పేరు దిద్దుకున్నారు, పెళ్లిచూపుల్లో గాజులు పైకి జరపడం ఆగలేదు. అమ్మాయి రాసింది దాని గురించే, పోయిందీ ఆ పాదాలే.

నిన్న సాయంత్రానికి అందిన కబురు: మిగిలిన కాపీల్లో సవరణ చీటీ అంటిస్తారట. ‘చామనఛాయ’ తీసి ‘నల్లగా’ అని వేస్తారట. ‘నేను’ మాత్రం ‘నేను’గానే ఉంటుందట. నాలుగు పాదాల సంగతి ఎవరూ ఎత్తలేదు.