నల్లమల చెంచుల ఆరోగ్యం: నెత్తురులో ఉన్నదెంత, చరిత్రలో ఉన్నదెంత

ఆత్మకూరు దాటి దోర్నాల రోడ్డు పట్టుకుంటే కాసేపటికే అడవి మొదలై బైర్లూటి చెంచుగూడెం వస్తుంది. అక్కడివాళ్ల ఆరోగ్యం ఎందుకు అంత అధ్వానంగా ఉందని కింది ఊళ్లలో ఎవరిని అడిగినా దాదాపు ఒకటే జవాబు: "దగ్గరి సంబంధాలు చేసుకుంటారు, నెత్తురు పలచబడిపోయింది, ఆ జాతి అంతే." చదువుకున్నవాళ్లు నెత్తురు అనే చోట జీన్స్ అంటారు. మాట మాత్రం అదే. నేను చిన్నప్పటి నుంచి వింటున్న ఈ మాట ఎక్కడ పుట్టిందో, అందులో నిజం ఎంతుందో తెలియాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి పోవాలి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటిదాకా చెంచులు గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, వేటాడుకుని బతికిన కొండలు సర్కారు రిజర్వు అడవులయ్యాయి. శ్రీశైలం యాత్రికులను దోచుకుంటారన్న పేరు వాళ్లకు అంతకు ముందే ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశాక కర్నూలు చెంచుల మీదా ఆ ముద్ర పడింది. నేరం చేసిన మనిషిని కాకుండా పుట్టిన కులాన్ని బట్టి మనిషిని పట్టుకునే చట్టం అది. "వాళ్ల నెత్తురులోనే ఉంది" అనే మాటకు సర్కారు ముద్ర వేసింది ఆ చట్టమే. దేశమంతటా దాన్ని రద్దు చేయడానికి 1952 దాకా పట్టింది.

ఆ రోజుల్లోనే మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని ప్రెసిడెన్సీ అంతా తిరిగి కులాల వారీగా, తెగల వారీగా ముక్కులు, తలలు కొలిచాడు. ఆయన సేకరించిన సమాచారమంతా 1909లో ఏడు సంపుటాలుగా అచ్చయింది. ముక్కు వెడల్పును బట్టి మనుషులకు వరుస కట్టవచ్చని అప్పటి పండితులు గట్టిగా నమ్మారు. ఆ నమ్మకం తప్పని తేలి చాలా కాలమైంది. కానీ అడవి మనుషులు వేరే రకం మనుషులనే భావం ఆ కొలతలతో పాటు పోలేదు.

కొలవడం పక్కన పెట్టి వాళ్లతో కలిసి ఉండి చూసినవాడు ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. 1940లో భార్య బెట్టీతో కలిసి కృష్ణకు అవతల, నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ కొండల మీద చెంచు పెంటల్లో గడిపాడు. ఆయన రాసినవాటిలో నాకు ముఖ్యమనిపించేది కుటుంబం సంగతి. పెంట అంటే కొన్ని గుడిసెలు. వాటిలో ఉండేది అన్నదమ్ములే కానక్కర్లేదు. మొగుడు, పెళ్లాం, పిల్లలు ఒక యూనిట్. అత్తగారి పెంటలో ఉండాలనుకుంటే అక్కడ, తల్లిగారి పెంటలో ఉండాలనుకుంటే ఇక్కడ. గొడవ వస్తే మూట కట్టుకుని ఇంకో పెంటకు పోతారు. ఆడవాళ్లు తెచ్చే గడ్డలు, పండ్లే రోజూ కడుపు నింపేవి కాబట్టి ఇంట్లో వాళ్ల మాటకు విలువ ఉంది. ఇష్టం లేని మొగుణ్ని వదిలి మరొకరిని చేసుకోవడం, మొగుడు పోయినావిడ మళ్లీ పెళ్లి చేసుకోవడం అక్కడ తప్పు కాదు. ఆ కాలంలో కింది ఊళ్లలో ఏ పెద్ద కులంలోనైనా ఆడదానికి ఈ రెండూ ఉన్నాయా?

ఇక "దగ్గరి సంబంధాలు" అనే మాట. చెంచుల్లో మేనరికం ఉంది. కానీ ఒకే ఇంటిపేరులో పెళ్లి లేదు. భూమని, ఉడతల, తోకల, నిమ్మల, కాట్రాజు ఇవన్నీ ఇంటిపేర్లే. ఒకే ఇంటిపేరువాళ్లు ఎన్ని కొండల అవతల ఉన్నా అన్నాచెల్లెళ్లే. పిల్లను వేరే ఇంటిపేరు నుంచే తెచ్చుకోవాలి. పక్క పెంటల్లో వరుస కుదరకపోతే దూరపు పెంటకు పోవాల్సిందే. అంటే చిన్న గుంపుల్లో బతికినా నెత్తురు ఒకేచోట ఆగిపోకుండా కాపాడే కట్టుబాటు వాళ్లకు ఉంది.

ఈ వియ్యపు బంధం ఎంత గట్టిదో తేనె తీసేటప్పుడు తెలుస్తుంది. లోయ అంచు మీద నుంచి తీగతాడు కిందికి వేలాడదీస్తారు. ఒకరు దాన్ని పట్టుకుని కిందికి దిగి కొండగోడకు పట్టిన తేనెపట్టు కోస్తాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది బావమరిది. తోడబుట్టిన అన్నదమ్ములను నమ్మరు గానీ బావమరిదిని నమ్ముతారు. అక్క పసుపుకుంకుమలు అతని చేతిలో ఉన్నాయి మరి. "బావమరిది బతకగోరు, దాయాది చావగోరు" అని మన ఊళ్లలో సామెత చెప్పుకుంటాం. అక్కడ ఆ సామెత మీద మనిషి ప్రాణం వేలాడుతుంది. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకుని వాళ్లింటి అల్లుడయ్యాడు. కనుమ నాడు మొదలయ్యే పార్వేటలో స్వామి పల్లకీ ఊరూరా తిరిగి అందరినీ పెళ్లికి పిలుస్తుంది. శ్రీశైలం మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య. దేవుడితో కూడా వాళ్ల బంధం వియ్యమే.

దగ్గరి పెళ్లిళ్ల మీద శాస్త్రీయమైన చర్చ తెలుగునాట మొదలైంది అడవిలో కాదు, మైదానంలో. ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి భారతదేశానికి వచ్చేశాడు. ఆయన దగ్గర పనిచేసిన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు, మీరా ఖాన్ అనే మరో పరిశోధకుడితో కలిసి 1960 ప్రాంతంలో ఆంధ్ర మేనరికాల లెక్కలు తీశాడు. పెళ్లిళ్లలో పెద్ద భాగం మేనరికాలేనని, అక్క కూతురిని చేసుకోవడం కూడా మామూలేనని అప్పుడే ప్రపంచానికి తెలిసింది. ఇప్పటికీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట ఒక పెళ్లి రక్తసంబంధంలోనే జరుగుతోంది. దేశం మొత్తం మీద అది నూటికి 11. మా జేజినాయన కూడా తన అక్క కూతురినే చేసుకున్నాడు. మా నెత్తురు పలచబడిందని మమ్మల్ని ఎవరూ అనలేదు.

లెక్క ఇదీ. మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే, వాళ్ల బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1 వంతు. మేనమామ, మేనకోడలి పెళ్లిలో అది 8లో 1 వంతు. ఏ దంపతులకైనా పుట్టుకలోపంతో బిడ్డ పుట్టే ముప్పు నూటికి రెండు మూడు ఉంటుంది. మేనరికంలో దానికి ఇంకో రెండు మూడు కలుస్తుంది. ముప్పు ఉన్నమాట నిజం. అందుకే డాక్టర్లు ఇప్పుడు వద్దని చెబుతున్నారు, చెప్పాలి కూడా. కానీ ఆ లెక్క ఆత్మకూరులో ఎంతో, నంద్యాలలో ఎంతో, బైర్లూటిలో కూడా అంతే.

డీఎన్‌ఏ కాలం వచ్చాక చెంచులు మళ్లీ శాస్త్రవేత్తల కంట్లో పడ్డారు. 2003లో ఎస్తోనియా శాస్త్రవేత్త కివిసిల్డ్ బృందం చెంచులు, కోయల నమూనాలను దేశంలోని ఇతర కులాల నమూనాలతో పోల్చింది. తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఎం2 అనే శాఖ చెంచుల్లో బాగా కనిపించింది. భారత ఉపఖండంలో అతి పాత శాఖల్లో అదొకటి. దాని మూలాలు దాదాపు 50 వేల ఏళ్ల కిందటివి. చాలామంది ఇక్కడిదాకానే చదివి "చూశారా, ఆదిమానవులు" అంటారు. అసలు తేలింది వేరు. గిరిజనుల్లోనూ కులాల్లోనూ తల్లి వైపు మూలం ఎక్కువ భాగం ఒక్కటే. చెంచులవ్వకూ మన అవ్వకూ వేల తరాల కింద ఒకే అమ్మమ్మలు.

2009లో హైదరాబాదులోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ బృందం 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించింది. అందులో చెంచులున్నారు, మాల, మాదిగ, వెలమ, వైశ్యులు కూడా ఉన్నారు. దేశంలో చాలా కులాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, ఆ తర్వాత బయటి సంబంధాలు లేకుండా మూసుకుపోయాయని అది చూపింది. వైశ్యులకు ఈ మూత రెండు మూడు వేల ఏళ్లుగా ఉందని తేల్చింది. వాళ్లకు 102 గోత్రాలున్నాయి, సగోత్రం చేసుకోరు, అయినా కులం దాటరు కాబట్టి ఇది తప్పలేదు. దీని ఫలితం డాక్టర్లకు ముందే తెలుసు. ఆపరేషనుకు మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులు కావడానికి వాడే ఒక మందు మామూలుగా కొన్ని నిమిషాల్లో విరిగిపోవాలి. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు గంటల తరబడి సొంతంగా ఊపిరి ఆడదు. ఈ లోపం వైశ్యుల్లో మిగతావారి కంటే చాలా ఎక్కువ. కర్నూలులోనో ఆదోనిలోనో మంచి మత్తు డాక్టరు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటాడు, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా అలా జరిగిందా అని అడుగుతాడు, మందు మారుస్తాడు. ఆ జాతి అంతే అని వదిలెయ్యడు. నేను అడిగేది చెంచుల విషయంలో కూడా అలాగే ఆలోచించమనే.

చెంచులు అంతరించిపోతున్నారనే భయం కూడా పాతదే. 1960లో వేసిన ఢేబర్ కమిషన్ గిరిజనుల్లోనూ బాగా వెనకబడిన వాళ్లున్నారని చెప్పింది. 1975 నుంచి అలాంటి తెగలను ఆదిమ తెగలుగా గుర్తించారు, అందులో చెంచులున్నారు. ఆ గుర్తింపుకు పెట్టిన షరతుల్లో ఒకటి జనాభా పెరగకపోవడం లేదా తగ్గడం. 2006లో పేరు మార్చి, ప్రత్యేకంగా రక్షించాల్సిన బలహీన గిరిజన సమూహాలన్నారు. జనాభా తగ్గుతుందన్న భయం ఎక్కడిదాకా పోయిందంటే, 1979లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగాల వంటి తెగలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చెయ్యొద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఎంతమంది పిల్లలు కావాలో ఆ తల్లులను ఎవరూ అడగలేదు. మన దగ్గర చెంచుల లెక్క 2001లో 49 వేలకు పైన ఉంటే, ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటికి 64 వేలు దాటింది. అంతరించే జాతి లెక్క ఇలా ఉండదు.

మరి జబ్బులు? అవి ఉన్నాయి. క్షయ ఉంది, రక్తహీనత ఉంది, తక్కువ బరువుతో పుట్టే పిల్లలున్నారు, సారా ఉంది. నెత్తురు పలచబడిందన్న మాట రక్తహీనత వరకు అక్షరాలా నిజం. అయితే అది పెళ్లి వల్ల పలచబడేది కాదు. తిండిలో ఇనుము లేక, కడుపులో నులిపురుగులు, మలేరియా, వెంటవెంటనే కాన్పులు అవుతూ పలచబడుతుంది. ఒకప్పుడు ఆ పళ్లెంలో చాలా రకాలుండేవి: గడ్డలు, ఆకులు, తునికి పండ్లు, మొర్రి పండ్లు, ఇప్పపువ్వు, తేనె, వేట మాంసం. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం, 1983లో పులుల రిజర్వు వచ్చాయి. వేట నేరమైంది, అడవిలో తిరగడం మీద ఆంక్షలు వచ్చాయి. ఇప్పుడు పళ్లెంలో చాలా రోజులు రేషను బియ్యం, చారే. తపసి బంక అమ్మి కొనుక్కునేది నూనె, ఉప్పు. నాలుగు గుడిసెల పెంటలు కలిపి పెద్ద గూడెం కట్టినప్పుడు బడి, బోరు, కరెంటు దగ్గరయ్యాయి, అది మంచిదే. కానీ ఇరుకు గదుల్లో ఒకరి దగ్గు ఇంకొకరికి అంటుకుంటుంది. గొడవ వస్తే మూట కట్టుకుని పోయే పాత మార్గం మూసుకుపోయింది. సారా తాగి కొట్టే మొగుడి నుంచి తప్పించుకునే దారి కూడా దాంతోనే పోయిందని నా అభిప్రాయం.

ఇప్పుడు గిరిజన ప్రాంతాల్లో మళ్లీ నెత్తురు తీస్తున్నారు. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ రక్తహీనతను (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) 2047 నాటికి లేకుండా చేస్తామని మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి టెస్టు చెయ్యాలన్నది లక్ష్యం. అదే ఏడాది నవంబరు 15న 75 బలహీన తెగల కోసం పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం వచ్చింది. టెస్టు మంచిదే. తల్లిదండ్రులిద్దరూ సికిల్ జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ముందే తెలిస్తే పెళ్లి విషయం ఆలోచించుకోవచ్చు, జబ్బు ఉన్న బిడ్డకు హైడ్రాక్సీయూరియా అనే మందు ఇచ్చి బాధ తగ్గించవచ్చు. కానీ టెస్టు ఫలితం రాసిన కార్డు చేతికిచ్చి పోతే సరిపోదు. ఒక్క జన్యువు మోసేవాళ్లు రోగులు కారు. ఆ సంగతి కూర్చోబెట్టి చెప్పకపోతే "నెత్తురు చెడ్డది" అనే పాత ముద్రే కార్డు రూపంలో ఇంటికి వస్తుంది. ముందు దెబ్బ తినేది పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల.

నమూనాల విషయంలో ప్రపంచం కొన్ని పాఠాలు చూసింది. అమెరికాలో హవాసుపాయి అనే చిన్న తెగ చక్కెర జబ్బు పరిశోధన కోసమని 1990లో నెత్తురు ఇచ్చింది. దాన్ని వలసల చరిత్రకు, మానసిక రోగాల అధ్యయనానికి కూడా వాడారని తెలిసి కోర్టుకు పోయింది. 2010లో విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చింది. అమెజాన్ అడవుల్లో యానోమామి తెగవాళ్ల దగ్గర 1960ల చివర తీసిన నెత్తురు 2015లో వెనక్కి వచ్చింది. వాళ్లు దాన్ని తమ ఆచారం ప్రకారం భూమిలో పూడ్చారు. 2017లో దక్షిణాఫ్రికాలోని సాన్ తెగవాళ్లు పరిశోధకులు పాటించాల్సిన నియమాలు తామే రాసుకున్నారు. అదే ఏడాది మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు కూడా గిరిజనుల మీద పరిశోధనకు ప్రత్యేకమైన జాగ్రత్తలు చెప్పాయి. నల్లమలలో చెయ్యి చాపిన ప్రతి చెంచుబిడ్డకూ ఆ నెత్తురు ఎందుకో, ఎక్కడికి పోతుందో, ఏం తేలిందో తెలుగులో చెప్పాలి. అది ఉపకారం కాదు, వాళ్ల హక్కు.

శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా భక్తులు నడిచి శ్రీశైలం పోతారు. ఆ రోజుల్లో దారి పొడవునా మంచినీళ్లు పెడతారు, వైద్య శిబిరాలు పెడతారు, కాళ్లు బొబ్బలెక్కినవాళ్లకు కట్లు కడతారు. పెచ్చెరువులో చెంచులుంటారు. పండగ అయ్యాక డేరాలు ఎత్తేస్తారు. మిగతా ఏడాదంతా, నొప్పులు పడే తల్లి అదే దారిన కింది ఆసుపత్రికి రావాలి.