తాతా నేనూ చూసిన ఊర్లు

తిరుపతి

పాపకూ, చిన్నోడికీ అవ్వ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ తాతా నేనూ క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తాను.

మొన్న ఫోనులో పాప ఒక మాట అడిగింది. "అవ్వా, నువ్వూ తాతా అన్ని ఊర్లు తిరిగినారు గదా, వాటిల్లో మీకు బాగా నచ్చింది ఏది?" అని. ఫోనులో తేలే మాట కాదని అప్పటికి ఊరుకున్నాను. నిన్న మీ అమ్మ దసరా సెలవుల ప్రయాణం చీటీ పంపించింది. ఆరు రోజుల్లో ఐదు ఊర్లు! అది చూసినాక ఉండబట్టలేక కాగితం పెన్ను తీసుకున్నాను. తాత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సంవత్సరాలు తప్పు రాస్తే దిద్దుతాడంట.

తాత రైల్వేలో ఫిట్టరుగా చేసినాడని మీకు తెలుసు. రైల్వే వాళ్ళకు ఏడాదికి కొన్ని పాసులు ఇస్తారు. ఇంటివాళ్ళతో కలిసి టికెట్టు డబ్బులు లేకుండా దేశంలో ఎక్కడికైనా పోయి రావచ్చు. నాకు బడి సెలవులు, ఆయనకు లీవు, రెండూ ఒకటిగా కుదిరిన ఏడు బయలుదేరేవాళ్ళం. పాసు ఉంది గనక రైలుకు ఖర్చు లేదు, చిత్రాన్నం మూట ఉంది గనక తిండికీ లేదు. ఊర్లో దిగినాక బస ఒక్కటే ఖర్చు. మా జీతాలకు ఆ మాత్రం సరిపోయేది.

మొదటిది మైసూరు, 1982 దసరాకు. పెండ్లయి రెండేండ్లు. చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరు దాకా బస్సులోనే పోయినాం. అక్కడి నుంచి మైసూరుకు అప్పట్లో మీటరు గేజి రైలు. రైలెక్కినప్పటి నుంచి తాత చెవి చక్రాల మీదనే. "ఈ పెట్టె బేరింగు అరుస్తోంది విను" అన్నాడు. నాకేమీ వినిపించలేదు. ఆయనకు ప్రపంచం అంతా ఎట్లా బిగించినారో, ఎక్కడ వదులైందో అనే లెక్కలోనే కనబడుతుందని అప్పుడే తెలిసింది.

మైసూరు ప్యాలెస్ ఎంత గొప్పదో పుస్తకాల్లో చదువుతారు. పాతది కొయ్యతో కట్టిందంట, 1897లో రాజకుమారి పెండ్లి సంబరాల్లో అంటుకుని కాలిపోయింది. ఇప్పుడున్నది హెన్రీ ఇర్విన్ అనే ఆయన గీసిన నమూనా, 1912కు పూర్తయింది. సాయంత్రం చీకటి పడే వేళకు జనంతో పాటు మైదానంలో నిలబడినాం. ఉన్నట్టుండి దీపాలు వెలిగినాయి. దాదాపు లక్ష బల్బులు, ఒక్కసారిగా! వేల మంది నోట ఒకటే "ఆఁ". నేను ఆ ముఖాలు చూస్తా నిలబడినాను. ఒక్కో ముఖం బంగారు పూత పూసినట్టుంది. తాతను చూస్తే, ఆయన పైకి ఒక మూలకు చూస్తున్నాడు. "అక్కడ నాలుగు వెలగలేదు" అన్నాడు.

మరునాడు పొద్దున మళ్ళీ అక్కడికే పోదామన్నాడు. పోతే, ఒకాయన నిచ్చెన వేసుకుని, భుజానికి గోనెసంచి తగిలించుకుని, మాడిపోయిన బల్బులు తీసి కొత్తవి పెడుతున్నాడు. తాతకు కన్నడం రాదు, ఆయనకు తెలుగు రాదు. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. చివరకు ఆయన ఒక మాడిన బల్బు తాత చేతిలో పెట్టినాడు. మన దేవుడి గూటి పక్కన అలమరలో దూదిలో చుట్టి పెట్టింది అదే. పోయిన ఏడు చిన్నోడు "ఇదెందుకు పారెయ్యలేదు?" అన్నాడే, అందుకే పారెయ్యలేదు నాయనా.

అక్కడి దేవరాజ మార్కెట్టు నా వంతు. కుంకుమ గుట్టలు గుట్టలుగా, ఎర్రది ఒక్కటే కాదు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్ని రంగుల్లో పోసి పెట్టినారు. మల్లెపూలు మూర లెక్కన. అమ్మే ఆమె తన చేతితో కొలిచి, తుంచేటప్పుడు ఇంకొక జానెడు వదిలింది. మన గోవిందరాజస్వామి గుడి వీధిలో పూలామె కూడా అట్లే చేస్తుంది. అంత దూరం పోయి మన ఊరి చెయ్యి చూసినట్టయింది నాకు.

తరువాత 1985లో ఢిల్లీ, ఆగ్రా, మధుర. ఆ ఒక్కసారి ఒక టూరు వాళ్ళతో పోయినాం. మూడు రోజుల్లో మూడు ఊర్లు. బస్సు ఆగేది, ఈల వేసేవాళ్ళు, దిగేవాళ్ళం. ఈల వేసేవాళ్ళు, ఎక్కేవాళ్ళం. తాజ్ మహల్ ముందర మాకిచ్చింది నలభై నిమిషాలు. చెప్పులు విప్పి, లైన్లో నిలబడి, లోపలికి పోయి రావడానికే సరిపోయింది. అంత గొప్ప కట్టడాన్ని చూసి కూడా, ఇంటికి వచ్చినాక ఒకరికి వర్ణించి చెప్పాలంటే నాకు మాట రాలేదు. అది నా మనసులో ముల్లు మాదిరి ఉండిపోయింది.

ఒకరోజు సాయంత్రం బస్టాండు నుంచి ఇంటికి నడిచి వస్తుంటే ఆ ముల్లు ఏమిటో తెలిసింది. గుండ్లకు గంధం పూసుకుని, చేతుల్లో లడ్డు సంచులతో ఒక కుటుంబం మమ్మల్ని ఆపి రైల్వే స్టేషనుకు దారి అడిగింది. పొద్దున దిగినారంట, కొండ ఎక్కినారు, దర్శనం అయింది, తిరుచానూరులో అమ్మవారిని చూసుకున్నారు, రాత్రి రైలు. దేవుడి కోసం వచ్చి దేవుణ్ణి చూసుకుని పోతున్నారు, అందులో తప్పేముంది? కానీ వాళ్ళు తిరుపతి చూసినట్టా? వానలు పడినాక కపిలతీర్థంలో కొండ మీంచి నీళ్ళు దూకేది వాళ్ళకు తెలియదు. మే నెలలో గంగమ్మ జాతరకు మన వీధుల్లో మగవాళ్ళు బైరాగి వేషం, తోటి వేషం, మాతంగి వేషం కట్టి తిరిగేది తెలియదు. ఎర్రచందనం బొమ్మలు చెక్కే చేతులు తెలియవు. పక్కనే చంద్రగిరి కోట ఉందని కూడా తెలియదు. మద్రాసు పట్నం లేచిన నేలను 1639లో ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఆ చంద్రగిరి రాయల కింద సామంతుడే.

"మనం ఆగ్రా చూసింది కూడా ఇట్లేనే" అన్నాడు తాత, స్టేషను దారి చూపించి వాళ్ళను పంపినాక.

ఆ రాత్రి మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. ఇకమీద ప్రయాణానికి ఒకటే ఊరు. కనీసం నాలుగు రాత్రులు. దిగిన మరునాడు తెల్లవారి ముందుగా కూరగాయల మార్కెట్టు, ఆ తరువాతే మిగతావి. ఎవరికి నచ్చింది వాళ్ళు చూపిస్తే రెండోవాళ్ళు విసుక్కోకుండా చూడాలి. ఈ చివరిది నేను పెట్టిన షరతే.

తంజావూరు నాకు ప్రాణం. 1987లో పోయినాం, మీ అమ్మను చిత్తూరులో మా అమ్మ దగ్గర వదిలిపెట్టి. రాజరాజ చోళుడి పెద్ద గుడి 1010 నాటికి పూర్తయింది. గర్భగుడి మీది విమాన గోపురం రెండు వందల అడుగులు దాటిన ఎత్తు. తాత మూడు సాయంత్రాలు దాని కింద కూర్చున్నాడు, అంత బరువు రాయిని పైకి ఎట్లా చేర్చినారని. నేనేమో సరస్వతీ మహల్ గ్రంథాలయం కోసం పోయినదాన్ని. తెలుగు పంతులమ్మకు అది పుట్టింటి మాదిరి. తంజావూరు నాయక రాజుల కొలువులో రాజభాషగా వెలిగింది తెలుగే. రఘునాథ నాయకుడు, ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడు తామే కావ్యాలూ యక్షగానాలూ రాసినారు. రంగాజమ్మ వంటి కవయిత్రులు ఆ సభలో కూర్చున్నారు. తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగులో రాయించినారు, రాసినారు.

మేము పోయిన రోజు గ్రంథాలయానికి సెలవు. నాకు కండ్ల నీళ్ళు తిరిగినాయి. తాత "ఇంకొక రోజు ఉందాం" అన్నాడు. అప్పటికి లీవు అయిపోయింది. పోస్టాఫీసుకు పోయి టెలిగ్రాం ఇచ్చి వచ్చినాడు. ఆ మిగిలిన పూట ఏం చెయ్యాలని బస్సెక్కి తిరువయ్యారు పోయినాం. కావేరి ఒడ్డున త్యాగరాజ స్వామి సమాధి. ఆయన 1847లో సిద్ధి పొందింది అక్కడే. జనం లేరు. మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని సన్నగా ఏదో కీర్తన పాడుకుంటోంది. ఉచ్చారణలో ఎక్కడా తప్పు లేదు. నేను తెలుగులో పలకరిస్తే ఆమె చెయ్యి ఊపింది, తెలుగు రాదని. మన చిత్తూరు వాళ్ళకు తమిళం ఎట్లాగూ వస్తుంది గదా, తమిళంలోనే మాట్లాడుకున్నాం. చిన్నప్పుడు వాళ్ళ నాయన నేర్పించినాడంట. అర్ధశతాబ్దంగా పాడుతోందంట. పాట మధ్యలో ఒక మాట దగ్గర ఆగి, "మక్కువ అంటే ఏమిటమ్మా?" అని అడిగింది.

"ప్రియం" అన్నాను. ఆ మాట తమిళంలోనూ ఉంది.

ఆమె కాసేపు నది వైపు చూసింది. తరువాత ఆ చరణం మళ్ళీ మొదటి నుంచి పాడింది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మారింది పాపా. ముప్ఫై ఏండ్లు తెలుగు చెప్పినాను, ఎన్నో మాటలకు ఎందరికో అర్థాలు చెప్పినాను. ఆ ఒక్క మాటకు చెప్పిన అర్థం మాత్రం ఇప్పటికీ నా చెవిలో ఉంది. మరునాడు గ్రంథాలయంలో తాటాకుల మీద తెలుగు అక్షరాలు చూసినప్పుడు కూడా ఆమె గొంతే గుర్తుకు వచ్చింది.

కలకత్తా తాతది. అప్పట్లో అదే పేరు. 1992లో మద్రాసు పోయి హౌరా మెయిలు ఎక్కినాం. దిగిన స్టేషను బయటికి వస్తే కండ్ల ఎదురుగా హౌరా వంతెన. 1943లో తెరిచినారు. 26,500 టన్నుల ఉక్కు. నది మధ్యలో ఒక్క స్తంభం లేదు. అది ఎట్లా నిలబడిందని అడిగితే, తాత నన్ను ఫుట్‌పాత్ మీద ఎదురుగా నిలబెట్టి, తన చెయ్యి ముందుకు చాపి, నన్నూ చాపమన్నాడు. మా ఇద్దరి వేళ్ళ మీద మడిచిన గొడుగు పెట్టినాడు. "నువ్వు ఒక ఒడ్డు, నేను ఒక ఒడ్డు. వెనక్కి గట్టిగా తన్ని పట్టుకున్నాం. మధ్యలో గొడుగు ఊరికే పడుకుంది. అంతే!" అన్నాడు. పోయేవాళ్ళంతా చూసి నవ్వుకుంటా పోయినారు.

ఆ వంతెనకు నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే. ఎర్రగా కాల్చిన రివెట్టును రంధ్రంలో పెట్టి రెండో వైపు సుత్తితో కొడితే తల పరుచుకుంటుంది. చల్లారేటప్పుడు అది కుదించుకుపోయి రెండు రేకులనూ దగ్గరికి లాగి బిగిస్తుంది. తాత ఒక్కొక్క తల మీద అరచెయ్యి పెట్టి నడిచినాడు, గుడిలో స్తంభాలు తాకినట్టు. వంతెన కింద మల్లిక్ ఘాట్‌లో పూల సంత. బంతిపూల దండలు తాడు చుట్టలు మాదిరి తలల మీద మోసుకుని పరుగెత్తుతున్నారు. పైన ఉక్కు, కింద పూలు. మాకిద్దరికీ ఒకే చోట కావలసింది దొరికిన ఊరు అదొక్కటే.

ఇంక జైపూర్, 1998. జై సింగ్ మహారాజు 1727లో వేసిన ఊరు, తొమ్మిది చతురస్రాలుగా, వీధులన్నీ గీత గీసినట్టు. హవా మహల్ 1799లో కట్టింది, 953 కిటికీలు. బయటి నుంచి అందరూ ఫోటో తీసుకుంటారు. మీరు మాత్రం ఎక్కి లోపలి నుంచి వీధిని చూడండి, అది కట్టింది రాణివాసం వాళ్ళు అట్లా చూడడానికే.

మాకు నచ్చింది జంతర్ మంతర్, సూర్యుణ్ణీ నక్షత్రాలనూ కొలిచే పెద్ద పెద్ద కట్టడాలు ఉండే చోటు. అక్కడ సామ్రాట్ యంత్రం అని 27 మీటర్ల ఎత్తు నీడగడియారం ఉంది. మెట్ల గోడ నీడ పక్కనున్న పాలరాతి వంపు మీద పడుతుంది. ఆ వంపు మీద గంటలు, నిమిషాలు, సెకండ్లు గీసినారు. తాత నీడ అంచున చూపుడువేలు పెట్టి "చూడు" అన్నాడు. సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున నీడ కదులుతుంది. మేము చూస్తుండగానే గోరు దాటింది. వేలు మడత దాటింది. నిమిషం తిరిగేసరికి దాదాపు చెయ్యి వెడల్పు కదిలిపోయింది. కదులుతున్న కాలాన్ని నేను కండ్లారా చూసింది ఆ ఒక్కసారే.

చిన్నోడా, నీకు లెక్కలు ఇష్టం గదా, ఇది నీకు. ఆ గడియారం మన చేతి గడియారం కంటే దాదాపు అరగంట వెనుక ఉంది. ఎందుకు? మన దేశం అంతటికీ ఒకటే టైము, అది 82½ డిగ్రీల రేఖాంశానిది. ఆ గీత మీర్జాపూర్ మీదుగా, మన కాకినాడకు దగ్గరగా పోతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. జైపూర్ ఆ గీతకు పడమరగా సుమారు 6¾ డిగ్రీలు, కాబట్టి 27 నిమిషాలు. దానికి తోడు ఏడాదిలో రోజును బట్టి కొన్ని నిమిషాలు ఎక్కువ తక్కువ. మన తిరుపతి 79.4 డిగ్రీల మీద ఉంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి మీదికి వచ్చేది సగటున ఎన్ని గంటలకో లెక్కకట్టి నాకు ఫోను చెయ్యి. తాత దగ్గర సమాధానం ఉంది.

ఆ తరువాత కూడా కొన్ని ఊర్లు చూసినాం. తాత మోకాళ్ళు అరిగినప్పటి నుంచి దూరాలు మానుకున్నాం. సాయంత్రాలు వరండాలో కూర్చుని పాత ఊర్లలోనే తిరుగుతుంటాం. ఆయన వంతెన దగ్గర మొదలుపెడితే నేను పూల సంతలో తేలతాను.

మీ చీటీలో ఉన్న ఐదు ఊర్లలో మైసూరు ఉంది. మిగతా నాలుగూ కొట్టేసి, ఆరు రోజులూ అక్కడే ఉండండి. మీ నాయన ఒప్పుకోకపోతే ఈ ఉత్తరం చూపించు పాపా. చాముండి కొండ మెట్లెక్కే పోండి, దారిలో పెద్ద నంది దగ్గర ఆగండి. దీపాలు వెలిగేటప్పుడు ఏ మూలనైనా వెలగనివి ఉన్నాయేమో తాత కోసం లెక్కపెట్టుకుని రండి.

ఇంకొకటి. మీరు పుట్టినప్పటి నుంచి తిరుపతికి వస్తున్నారు, వచ్చినప్పుడల్లా కొండకు పోయి రెండో రోజు తిరుగు రైలు. వచ్చే మే నెలలో జాతర చాటింపు నాటికే వచ్చెయ్యండి, వారం ఉండాలి. తెల్లవారి చంద్రగిరికి పోదాం, ఎండ రాకముందే. చిన్నోడికి వేషం కట్టించడానికి తాత ఇప్పుడే బొగ్గూ సున్నమూ అడుగుతున్నాడు.

మీ అవ్వ