నాలుగు మీటర్ల నేల ఎటు పోయింది?

చిత్తడి నేలను ఎండగట్టి సాగు చేస్తే బంగారం పండుతుంది కదా, ఇందులో నష్టమేంటని ఓ పాఠకుడు అడిగారు. ఒండ్రుమట్టి సంగతి వేరు. పూర్తిగా కుళ్లని మొక్కల ముక్కలు పేరుకుని ఏర్పడిన పీట్ నేలకు మాత్రం అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇంగ్లండ్ తూర్పున ఫెన్స్ అనే పల్లపు ప్రాంతం ఉంది. అక్కడి విటిల్‌సీ మియర్ అనే పెద్ద సరస్సును 1851లో, అప్పట్లో కొత్తగా వచ్చిన సెంట్రిఫ్యూగల్ పంపు పెట్టి తోడేశారు. నేల దిగుతుందని ముందే ఊహించి, దగ్గర్లోని హోమ్ ఫెన్‌లో ఒక ఇనుప స్తంభాన్ని పీట్ గుండా అడుగున ఉన్న బంకమట్టిదాకా దింపి, పైకొనను నేలకు సమంగా ఉంచారు. మొదటి పదేళ్లలోనే దాదాపు ఒకటిన్నర మీటరు బయటపడింది. ఇప్పుడు నాలుగు మీటర్లు!

నీరు పోయి కొంత అణిగింది. మరికొంత కార్బన్ డయాక్సైడై గాలిలో కలిసిపోయింది.

మన స్కూలు పుస్తకాలు పీట్‌ను నాసిరకం బొగ్గు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి, అసలు ఆసక్తికరమైన కెమిస్ట్రీ అంతా అక్కడే ఉంది. పీట్ అంటే వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా మిగిలిన మొక్కల ముక్కలు. ఆవకాయ జాడీ చూడండి, ముక్కల మీద నూనె తేలినంతకాలం గాలి తగలదు, బూజు రాదు. ఇక్కడ నూనె పని నీళ్లు చేస్తాయి. ఉప్పు పని చేసేవి ఫినాలిక్ పదార్థాలు, అంటే మొక్కల్లోంచి వచ్చే ఒక రకం రసాయనాలు. వాటిని విరగ్గొట్టే ఫినాల్ ఆక్సిడేజ్ ఎంజైముకు ఆక్సిజన్ కావాలి, అది అందక ఫినాలిక్‌లు పేరుకుపోతాయి, అలా పేరుకున్నవి సెల్యులోజ్ లాంటివాటిని కరిగించే హైడ్రోలేజ్ ఎంజైములను కూడా అణిచిపెడతాయి. కాలువ తవ్వి నీటిమట్టం దించారా, నూనె తోడేసి ఉప్పు కడిగేసినట్టే. పీట్ పెరిగేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు, కాబట్టి వేల ఏళ్లు ఊరినది రెండు శతాబ్దాలు కూడా నిండకుండానే పాడైపోయింది.

నేల దిగితే పైరు వేర్లు మళ్లీ నీటిలో పడతాయి, రైతు కాలువను ఇంకాస్త లోతు చేస్తాడు, ఇంకొంత పీట్‌కు గాలి తగులుతుంది. ఫెన్స్‌లో చాలాచోట్ల నదులు పొలాలకంటే ఎత్తున పారుతుంటే, పొలం నీటిని పంపులతో పైకి తోడి వాటిలో పోస్తున్నారు.

అంతమాత్రాన సాగు మానక్కర్లేదు. 2021లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఎండగట్టిన పీట్‌లో నీరు నేలకు 30 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేదాకా, మట్టాన్ని పెంచిన ప్రతి 10 సెంటీమీటర్లకూ హెక్టారుకు ఏటా కనీసం 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన ఉద్గారం తగ్గుతుంది. పైరు లేని నెలల్లో తూములు మూసి నీరు నిలపొచ్చు. లేదా నీళ్లలోనే పెరిగే పంట వేయొచ్చు: కొల్లేరు వాళ్లకు బాగా తెలిసిన జమ్ము, కిక్కిస లాంటి మొక్కలనే యూరప్‌లో ఇప్పుడు పీట్ నేలల్లో పెంచి, ఇళ్ల గోడల్లో వేడిని ఆపే పలకలు చేసి చూస్తున్నారు.