ఒక్క 'చ'కు ఐదు అక్షరాలు: నీచె ఇంటిపేరు ఎక్కడిది, ఎందుకింత అరుదు?

తత్వవేత్త ఫ్రీడ్రిష్ నీచె పేరును తెలుగులో నీషే అనీ నీట్షే అనీ రాస్తుంటాం. జర్మన్ల నోట అది ఇంచుమించు 'నీచె' అని పలుకుతుంది. మన చెవికి 'నీచ' అని తగులుతుందనేమో, ఆ ఉచ్చారణ జోలికి పెద్దగా ఎవరూ పోలేదు. ఇక్కడ మాత్రం అలాగే రాద్దాం, ఎందుకంటే ఈ కథంతా ఆ 'చ' చుట్టూనే తిరుగుతుంది.

తన ఇంటిపేరు గురించి ఆయనకొక గట్టి నమ్మకం ఉండేది. తమ పూర్వీకులు నియెత్స్కీ అనే పోలండ్ దొరలని, ప్రొటెస్టెంట్లు కావడంతో మత వేధింపులు పడలేక సుమారు వందేళ్ల కిందట దేశాన్నీ దొరతనాన్నీ వదులుకుని జర్మనీకి వచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు. 1880లలో ఆయన దీన్ని కాగితం మీద పెట్టాడు. 1888లో రాసిన ఆత్మకథలాంటి పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేసి, తాను కల్తీ లేని పోలిష్ దొరనని ప్రకటించుకున్నాడు. పేరు వినడానికి జర్మన్‌లా లేదు, రాస్తే చూడటానికి అసలే లేదు. కాబట్టి ఈ కథను నమ్మినవాళ్లు చాలామందే ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు.

తేదీల దగ్గరే కథ తేలిపోతుంది. ముత్తాత గొట్‌హెల్ఫ్ ఎంగెల్‌బెర్ట్ 1714లో పుట్టాడు, మధ్య జర్మనీలోని బీబ్రాలో పన్నుల ఉద్యోగి. తాత ఐలెన్‌బుర్గ్‌లో లూథరన్ చర్చి పర్యవేక్షకుడు. తండ్రి లైప్‌జిగ్‌కు నైరుతిన ఉన్న రోకెన్ అనే చిన్న ఊళ్లో పాస్టరు. 1880ల నుంచి వందేళ్లు వెనక్కి లెక్కిస్తే 1780లు వస్తాయి, అప్పటికి ముత్తాతకే డెబ్బై ఏళ్లు దగ్గర పడ్డాయి. తర్వాతి రోజుల్లో వైమార్‌లోని నీచె ఆర్కైవ్‌లో పనిచేసిన బంధువు మాక్స్ ఓలర్ చర్చి రిజిస్టర్లు తిరగేసి వంశవృక్షం గీశాడు. దొరికిన పూర్వీకులవన్నీ జర్మన్ పేర్లే. కోడళ్ల పుట్టింటి పేర్లూ అంతే.

మరి ఆ వింత శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది? నికొలౌస్ నుంచి. క్రిస్మస్ తాతకు మూలమైన సెయింట్ నికొలస్ పేరే అది. ఆయన అస్థికలను 1087లో ఇటలీలోని బారీకి తెచ్చాక ఐరోపా అంతటా ఆయన పేరిట చర్చిలు లేచాయి, వ్యాపారుల ఊళ్లలో మరీ ఎక్కువగా. లైప్‌జిగ్‌లోని నికొలాయి చర్చి 12వ శతాబ్దం నాటిది. మన ఊళ్లలో వెంకన్న పేరున్న వాళ్లు ఎంతమందో, ఆ కాలపు జర్మన్ ఊళ్లలో నికొలౌస్ పేరుతో అంతమంది ఉండేవారు. ఇంటిపేర్లు స్థిరపడింది కూడా సరిగ్గా ఆ శతాబ్దాల్లోనే: 12వ శతాబ్దంలో రైన్ నది ఒడ్డు పట్టణాల్లో మొదలై, 15, 16 శతాబ్దాలకు చాలా ప్రాంతాలకు పాకాయి. ఎక్కువమంది పెట్టుకున్న పేరే ఎక్కువ ఇంటిపేర్లకు తల్లి అయ్యింది.

ఇంత పొడుగు పేరును రోజూ పిలవలేరు కాబట్టి కోశారు. ఎక్కడ కోశారన్నది ఊనిక ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. పశ్చిమాన, ఉత్తరాన పేరు చివర ఒత్తి పలికేవారు. అక్కడ మొదలు రాలిపోయి క్లౌస్, క్లాస్, క్లాసెన్ వచ్చాయి. తూర్పున, ఆగ్నేయాన మొదలును ఒత్తి పలికారు కాబట్టి తోక తెగి నికెల్, నిగ్ల్, నిచ్, నిచె మిగిలాయి. నికెల్ అనే లోహం కూడా ఈ కుటుంబంలోదే. రాగి ఖనిజంలా కనిపించి రాగి ఇవ్వని రాయిని తూర్పు జర్మనీలోని సాక్సనీ ప్రాంతపు గని కార్మికులు 'కుప్‌ఫర్‌నికెల్', అంటే రాగి దెయ్యం, అని తిట్టుకునేవారు. ఆ కొంటె దెయ్యానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు నికెల్. స్వీడన్ రసాయనవేత్త క్రోన్‌స్టెట్ 1750లలో ఆ రాయి నుంచి తీసిన కొత్త లోహానికి అదే పేరు ఉంచాడు.

నికెల్ దాకా బాగానే ఉంది, నిచె ఎలా అయ్యింది? సాక్సనీలో, ఇప్పటి జర్మనీ-పోలండ్ సరిహద్దు వైపున్న లుసాటియా, సైలీసియా ప్రాంతాల్లో జర్మన్ రైతులు 12, 13 శతాబ్దాల్లో వచ్చి స్థిరపడేదాకా పోలిష్, చెక్‌ల కుటుంబానికి చెందిన స్లావిక్ భాషలే నడిచేవి. లుసాటియాలో సోర్బ్ అనే స్లావిక్ జాతివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేరులో మొదటి ముక్క ఉంచి చివర 'ష్', 'చ్' లాంటి శబ్దం తగిలించి ముద్దుపేరు చేయడం స్లావిక్ అలవాటు. పేటర్ నుంచి పీచ్, యోహన్నెస్ నుంచి యెంచ్, నికొలౌస్ నుంచి నిచ్. పోలిష్ వాదన అంతా ఈ స్లావిక్ తోకను పట్టుకునే వేలాడుతుంది. కానీ పక్కపక్కనే బతికిన జర్మన్లు కూడా ఆ తోకను ఎత్తుకుని, అచ్చమైన జర్మన్ పేర్లకు తగిలించుకున్నారు. ఫ్రీడ్రిష్ నుంచి ఫ్రిచె, డీట్రిష్ నుంచి డీచ్, కోన్‌రాడ్ నుంచి కుంచ్. ఈ ఇంటిపేర్లున్న వాళ్లందరూ స్లావులైతే సాక్సనీలో జర్మన్లే మిగలరు. పేరు తోక ఊరి యాసను చెబుతుంది, రక్తాన్ని కాదు. దొరతనాన్ని అసలే చెప్పదు.

ఇప్పుడు స్పెల్లింగు. మనకు 'చ' ఒక్క అక్షరం. మామూలు జర్మన్‌లో దానికి నాలుగు అక్షరాలు కావాలి: టీ, ఎస్, సీ, హెచ్. సాక్సనీ రాతగాళ్లు మధ్యలో జెడ్ కూడా ఇరికించి ఐదు చేశారు: టీ, జెడ్, ఎస్, సీ, హెచ్. డేలిచ్ లాంటి ఆ ప్రాంతపు ఊరి పేర్లలోనూ ఇదే గుంపు కనిపిస్తుంది. ఒక ఇంటిపేరులో ఈ ఐదక్షరాల గుంపు ఉందంటే ముందు సాక్సనీ, దాని చుట్టుపక్కలే వెతకాలి. తర్వాత ఐ (i) పక్కన వచ్చే ఈ (e) అనే అక్షరం. జర్మన్‌లో దానికి సొంత శబ్దం ఉండదు, ముందున్న ఇకారాన్ని దీర్ఘం చేస్తుంది, అంతే. మన గుడి దీర్ఘంలాగా. ఇంట్లో చెప్పుకున్న పోలిష్ రూపంలో ఆ 'e' మీద రెండు చుక్కలు పెట్టి విడదీసి పలికారు, అది కథకు అవసరమైన చుక్కలు. మొత్తానికి ఏడక్షరాల మామూలు నిచెకు (Nitsche) జెడ్ చేరితే ఎనిమిది (Nitzsche), 'e' కూడా చేరితే తొమ్మిది (Nietzsche). తత్వవేత్తది ఆ తొమ్మిదక్షరాల రూపం.

అరుదుదనం ఉన్నది అక్కడే. ఏడక్షరాల రూపం, ఎనిమిదక్షరాల రూపం, చివర 'కె' చేరిన నిచ్కె జర్మనీలో బాగానే కనిపిస్తాయి. తొమ్మిదక్షరాలది మాత్రం వాటి పక్కన చాలా తక్కువ. పేరు అరుదైనది కాదు, ఆ రాత అరుదైనది.

రాతలు ఇలా ఎందుకు చీలాయంటే, 19వ శతాబ్దం చివరి దాకా ఇంటిపేరుకు సరైన స్పెల్లింగు అనేదే లేదు. బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు. ఒకే మనిషి పుట్టినప్పుడు ఒక రాత, పెళ్లినాడు ఒకటి, చావు నమోదులో ఇంకొకటి. హాలె పట్టణంలో 1740లలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన మిషనరీ బెంజమిన్ షుల్ట్సె ఇంటిపేరు కూడా ఇలాంటిదే. ఊరి పెద్దను, మన మునసబు లాంటివాణ్ని, 'షుల్ట్‌హైస్' అనేవారు. దాని నుంచే టీ ఉన్న షుల్ట్సె, టీ లేని షుల్‌త్సె, సైలీసియా వైపు షోల్ట్స్ వచ్చాయి. అప్పటి జర్మనీలో అతి పెద్ద రాజ్యమైన ప్రష్యాలో 1874 అక్టోబరు 1న, జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1న ప్రభుత్వ జనన మరణ రిజిస్టర్లు మొదలయ్యాయి. ఆ రోజు గుమాస్తా కలం నుంచి ఏది వచ్చిందో అదే శాశ్వతం. అన్నదమ్ములు వేర్వేరు ఊళ్లలో నమోదైతే వేర్వేరు ఇంటిపేర్లు. ఇప్పుడు మార్చుకోవాలంటే 1938 నాటి పేరు మార్పు చట్టం కింద 'ముఖ్య కారణం' చూపాలి. మా తాత ఇలా రాసేవాడు అంటే సరిపోదు.

ఒక పేరు ఎంత అరుదో ఎలా తేలుస్తారు? పరిశోధకులు ఎక్కువగా వాడేది 2005 నాటి టెలికాం ల్యాండ్‌లైన్ జాబితా. జర్మన్ ఇంటిపేర్ల అట్లాస్‌కు, మైంజ్ అకాడమీ 2012లో మొదలుపెట్టిన డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువుకు అదే ఆధారం. ఆ తర్వాత జనం సెల్‌ఫోన్లకు మారిపోయారు, కాబట్టి కొత్త జాబితాలు పనికిరావు. అందులో సుమారు ఎనిమిదిన్నర లక్షల వేర్వేరు ఇంటిపేర్లున్నాయి. మొదటి స్థానంలో ఉన్న ముల్లర్ ఒక్కదానికే రెండున్నర లక్షల పైచిలుకు కనెక్షన్లు. అడుగున ఒకటీ రెండూ కనెక్షన్లున్న పేర్లు లెక్కలేనన్ని. ఒక కనెక్షన్ అంటే ఒక ఇల్లు, కాబట్టి మనుషుల సంఖ్య కావాలంటే రెండున్నర నుంచి మూడుతో గుణిస్తారు. కనెక్షన్లు పదీ ఇరవై ఉన్న పేరుకు ఆ గుణకారం నమ్మదగినది కాదు.

పటం చదవడంలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఉత్త సంఖ్యలతో పటం గీస్తే ఏ పేరైనా బెర్లిన్, హాంబుర్గ్, మ్యూనిక్‌లలోనే మెరుస్తుంది, జనం అక్కడ ఎక్కువ కాబట్టి. పది లక్షల జనాభాకు ఎంతమంది అని లెక్కగట్టిన పటమే చూడాలి. రెండోది ఇంకా పెద్ద చిక్కు. 1945 తర్వాత సైలీసియా, తూర్పు ప్రష్యా, ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాల నుంచి కోటి ఇరవై లక్షల మంది దాకా జర్మన్లను తరిమేశారు, వాళ్లు పశ్చిమాన దొరికిన చోటల్లా స్థిరపడ్డారు. సైలీసియాలో పుట్టిన నిచ్కె పేరు 2005 పటంలో రూర్ గనుల ప్రాంతంలో కనిపిస్తే అది అక్కడి పేరని అర్థం కాదు. అందుకే 1942 నాటి టెలిఫోన్ డైరెక్టరీని, మొదటి ప్రపంచ యుద్ధపు సైనిక నష్టాల జాబితాలను పక్కన పెట్టుకుని చూడాలి. ఆ జాబితాల్లో చనిపోయిన, గాయపడిన, గల్లంతైన సైనికుల పేర్లతో పాటు చాలాచోట్ల సొంతూరు కూడా ఉంటుంది. కంప్యూటర్ వంశచరిత్రకారుల సంఘం సభ్యులు వాటిని పేజీ పేజీ టైపు చేసి వెతుక్కునేలా పెట్టారు.

అక్కడి నుంచి వెనక్కి వెళ్లాలంటే రిజిస్టర్లే. ప్రభుత్వ రిజిస్టర్లలో జననాలు 110 ఏళ్లకు, పెళ్లిళ్లు 80 ఏళ్లకు, మరణాలు 30 ఏళ్లకు ఆర్కైవ్‌కు చేరి అందరికీ తెరుచుకుంటాయి. అంతకుముందు ఎక్కువగా నేరు వారసుల లాంటి దగ్గరివాళ్లకే చూపిస్తారు. కాబట్టి చిక్కుబడితే ముందు మరణ నమోదు వెతకడం తెలివైన పని. 1876కు ముందు చర్చి పుస్తకాలు. చాలా ఊళ్లలో అవి ముప్పై ఏళ్ల యుద్ధం ముగిసిన 1648 తర్వాతే మొదలవుతాయి, పాతవి తగలబడ్డాయి. రోకెన్ పక్కనే ఉన్న ల్యూట్సెన్ దగ్గర 1632లో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ చనిపోయిన పెద్ద యుద్ధం జరిగింది, ఆ చుట్టుపక్కల పాత కాగితాలు తక్కువ దొరికితే ఆశ్చర్యపడక్కర్లేదు.

దొరికిన పుస్తకం చదవడం మరో పని. కుర్రెంట్ అనే పాత గొలుసుకట్టు రాతలో 'e' అక్షరం, 'n' అక్షరం కవలల్లా ఉంటాయి. జెడ్‌కు కిందికి వేలాడే తోక, పొడుగు ఎస్‌కు పైకీ కిందికీ గీత, హెచ్‌కు రెండువైపులా సున్నా ముడులు. 'చ' కోసం రాసిన ఐదక్షరాల గుంపు ఆ రాతలో ముళ్లకంచెలా కనిపిస్తుంది. సూచిక తయారు చేసినవాళ్లు జెడ్‌ను జీ అనీ, పొడుగు ఎస్‌ను ఎఫ్ అనీ చదివేస్తే ఆ మనిషి మనకు ఎప్పటికీ దొరకడు. అందుకే పూర్తి పేరు కొట్టకుండా మొదటి అక్షరం, టీ, చివరి అక్షరం ఉంచి మధ్యలో నక్షత్రం గుర్తుతో వెతకాలి.

శబ్దం ఆధారంగా వెతకడానికి 1969 నాటి 'కొలోన్ ఫొనెటిక్' పద్ధతి ఉంది, జర్మన్ శబ్దాలను అంకెలుగా మార్చుతుంది. అందులో ఎన్‌కు 6, మన ఐదక్షరాల గుంపు మొత్తానికి కలిపి 8. కాబట్టి ఏడు, ఎనిమిది, తొమ్మిది అక్షరాల రూపాలు మూడూ 68 అనే ఒకే సంఖ్యకు వస్తాయి. నిచ్కె చివరి 'కె' వల్ల 684 అయ్యి తప్పించుకుంటుంది, దాన్ని విడిగా వెతకాలి. పైగా ఎమ్‌కు కూడా 6 కాబట్టి మాస్ అనే సంబంధం లేని ఇంటిపేరు కూడా 68గా వచ్చి వలలో పడుతుంది.

స్త్రీల పేర్ల దగ్గర ఇంకో జాగ్రత్త. 18వ శతాబ్దపు పుస్తకాల్లో ఆడవాళ్ల ఇంటిపేరు చివర 'ఇన్' చేర్చేవారు. రచయిత్రి లూయిజె గొట్‌షెడ్‌ను గొట్‌షెడిన్ అన్నట్టు. అది వేరే ఇంటిపేరు అనుకుని పక్కన పెట్టేస్తే సగం వంశం పోతుంది.

అరుదైన రాత ఇంకా అరుదు కావడానికి చట్టం కూడా ఒక చెయ్యి వేసింది. 1900 నుంచి అమల్లోకి వచ్చిన పౌర స్మృతి ప్రకారం భార్య భర్త ఇంటిపేరే తీసుకోవాలి. భార్య ఇంటిపేరును దంపతుల పేరుగా ఎంచుకునే వీలు పశ్చిమ జర్మనీలో 1976లో వచ్చింది, ఎవరి పేరు వాళ్లే ఉంచుకునే వీలు 1991 నాటి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో వచ్చింది. దంపతులిద్దరూ జంట పేరు పెట్టుకునే అవకాశం 2025 మే 1న గానీ రాలేదు. భార్య పేరు ఎంచుకునే వీలు వచ్చేదాకా కొడుకుల్లేని ఇంట్లో పేరు ఇంచుమించు ఆగిపోవడమే. పది ఇళ్లలో ఉన్న పేరుకు ఒకటి రెండు తరాలు ఆడపిల్లలే పుడితే చాలు.

రోకెన్ పాస్టరు ఇంట్లో జరిగింది అదే. ముగ్గురు పిల్లల్లో చిన్నవాడు జోసెఫ్ 1850లో పసితనంలోనే పోయాడు. ఫ్రీడ్రిష్ పెళ్లి చేసుకోలేదు, 1900 ఆగస్టు 25న చనిపోయాడు. చెల్లెలు ఎలిజబెత్ 1885లో బెర్న్‌హార్డ్ ఫర్‌స్టర్‌ను పెళ్లాడింది, పిల్లల్లేరు. భర్త పోయాక ఆమె పుట్టింటి పేరును అడ్డగీతతో వెనక చేర్చుకుని ఫర్‌స్టర్-నీచె అయ్యింది. 1935 నవంబరులో ఆమె చనిపోవడంతో ఆ పాస్టరు సంతతిలో తొమ్మిదక్షరాల పేరు రాసుకునేవాళ్లు ఎవరూ మిగల్లేదు.