చలికాలం అంటే కోల్డ్ డ్యామేజ్ ఒక్కటే కాదు: డార్క్ ఫాంటసీ క్యాంపెయిన్ అపోహలు - వాస్తవాలు

డీఎంగా (డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, పాత్రలు వేసుకుని ఆడే ఆటల్లో కథ చెప్పి ఆట నడిపే మనిషి) చాలా ఏళ్ల నుంచి డార్క్ ఫాంటసీ, అంటే భయంగొలిపే మాయాలోకపు కథలు ఆడిస్తున్నా, డిసెంబర్ వచ్చిందంటే కొత్త డీఎంల నుంచి ఇవే మాటలు వినిపిస్తాయి, అందుకే కూర్చుని రాస్తున్నా.

అపోహ: మంచులో నడుస్తుంటే గంటగంటకీ డైస్ వేయిస్తే చాలు, భయం అదే వస్తుంది.

రాదండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 రూల్స్‌లో మైనస్ 18 డిగ్రీలు, ఇంకా కిందకి పోతే గంటకో కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి ఓర్పుకి డైస్ పరీక్ష), డీసీ 10 (మొత్తం కనీసం 10 రావాలి), ఫెయిలైతే ఒక ఎగ్జాషన్ (అలసట) లెవెల్, ఆరో లెవెల్‌కి చావు. కానీ మందపాటి కోటు, గ్లోవ్స్ ఉన్నవాళ్లు ఆటోమేటిగ్గా పాస్ అని కూడా అక్కడే ఉంది, పార్టీ (ఆటగాళ్ల పాత్రల జట్టు) మొదటి ఊళ్లోనే కోట్లు కొనేస్తుంది, అక్కడితో చలి అయిపోయింది. అందుకే నేను డైస్ మీద కాకుండా కోటు మీద దృష్టి పెడతా. ఒకసారి దారిలో చలికి బిగుసుకుపోతున్న ఓ పిల్ల కనపడింది, కోటు ఎవరు తీసివ్వాలన్న దాని మీదే నలభై నిమిషాలు వాదించుకున్నారు, ఒక్క డైస్ కూడా పడలేదు.

అపోహ: చలికాలం అంటే తుపాను.

పొద్దు తొందరగా గుంకడం కూడా చలికాలమే. ఐస్‌లాండ్ రేక్యావిక్‌లో డిసెంబర్ 21న పగలు నాలుగు గంటలే, ఆ లెక్కన పార్టీకి ఎంత దూరం నడిచే టైం ఉంటుందో చూడండి. కొత్తగా పడ్డ మంచు శబ్దాన్ని పీల్చేస్తుంది, వెనకాల వచ్చేవాడి అడుగులు వినపడవు, మన జాడ మాత్రం వాడికి కనపడుతూనే ఉంటుంది.

అపోహ: పండగ సెషన్ అంటే కాస్త రిలీఫ్, ఫిల్లర్.

ఇది వింటే నిజంగా బాధేస్తుంది. ఆల్ప్స్ కొండల జానపదాల్లో పెర్ష్టా అని ఒకావిడ ఉంది, క్రిస్మస్ తర్వాతి పన్నెండు రాత్రుల్లో ఇల్లిల్లూ తిరిగి నూలు వడకడం పూర్తయిందో లేదో చూస్తుంది, పూర్తవ్వకపోతే కడుపు చీల్చి గడ్డీ రాళ్లూ కుక్కేస్తుంది. ఐస్‌లాండ్ యూల్ (క్రిస్మస్) పిల్లి అయితే పండక్కి కొత్తబట్ట రానివాళ్లని తినేస్తుంది. గమనించారా, రెండిట్లోనూ ఒక నియమం ఉంది. మీ పండక్కీ ఒకటి పెట్టండి, అది ఊళ్లోవాళ్లందరికీ తెలిసి పార్టీకి మాత్రం తెలియకూడదు. నా గేమ్‌లో కిటికీ మీద పాలజావ గిన్నె పెట్టించా, మా రోగ్ (దొంగ పాత్ర) ఆకలేసి తాగేశాడు. నేనేం అనలేదు. ఇంటి ముసలావిడ వచ్చి ఖాళీ గిన్నె చూసి, దాన్ని తుడిచి, లోపలికెళ్లి మనవరాలి చెప్పులు తెచ్చి గుమ్మం బయట పెట్టింది అని మాత్రం చెప్పా. మేం ఆడుతున్న డిస్కార్డ్ వాయిస్ కాల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అపోహ: మంచే చూడని మనవాళ్లకి ఇవన్నీ ఎక్కవు.

భోగిమంట తెలుసుగా. తెల్లారుజామున నాలుగింటికి ముందువైపు ఒళ్లు మాడిపోతుంటే వీపు వణుకుతుంటుంది, మా టేబుల్‌లో అందరికీ ఆ వణుకు తెలుసు. రాత్రి కాపలా వంతు వచ్చినప్పుడు నేను అడిగేది ఒక్కటే: వీపు మంటవైపు పెడతావా, చీకటివైపు పెడతావా?